మందెంత? గుండెంత?

పోయినేడాది ఆన్‌సైట్ పేరు చెప్పి టెక్సాస్‌లో ఆరు నెలలున్నాను. క్లయింట్ వైపు డేటాబేస్ చూసే ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, మీటింగుల్లో నోరు విప్పడు. నాది ఇండియా అని తెలిసినప్పట్నుంచీ "ఒక శనివారం మా ఇంటికి రా, నీకొకటి చూపించాలి" అంటూ ఉండేవాడు. తాజ్‌మహల్ ఫొటో ఆల్బమేమో అనుకుంటూ వెళ్ళాను.

గ్యారేజీలో కారు లేదు. ఒక బెంచీ, దానికి బిగించిన లీవర్ ప్రెస్సు, కంసాలి కాటా లాంటి చిన్న కాటా, చెక్క ట్రేలో వరసగా నిలబెట్టిన యాభై ఖాళీ ఇత్తడి తూటాలు ఉన్నాయి. పక్కన ఒక పాత రైఫిలు. దాని మెడ దగ్గర ముద్ర చూపించి చదవమన్నాడు. ఇషాపూర్, 1942.

త్రీ నాట్ త్రీ! అనంతపురంలో పెరిగినోడికి దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. జనవరి 26న పోలీసు పెరేడ్ గ్రౌండ్‌లో, ఎలక్షన్ల రోజు మా బడి వరండాలో కూర్చున్న కానిస్టేబుల్ మోకాళ్ళ మధ్య, చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. ఎన్‌సీసీలో మాకు కాల్చడానికి ఇచ్చింది పాయింట్ టూ టూ. త్రీ నాట్ త్రీ మొయ్యడానికి మాత్రమే, అదీ పేలనిది. ఆ తుపాకి లోపల ఏముంటుందో, ఎందుకలా ఉంటుందో చెప్పినవాడు మాత్రం ఈ అమెరికా ఆయనే.

ఆయన చేసే పనిని హ్యాండ్‌లోడింగ్ అంటారు. ఒకసారి కాల్చిన తూటాలో పోయేవి ప్రైమరు, మందు, గుండు. ఇత్తడి తొడుగు మిగులుతుంది. దాన్ని మళ్ళీ ఆకారానికి తెచ్చి, కొత్త ప్రైమరు కొట్టి, మందు కొలిచి పోసి, కొత్త గుండు బిగిస్తే మళ్ళీ తూటా. వినడానికి సులువే. కానీ ఈయన ఒక్కో తొడుగులో పోసే మందుని గ్రెయిన్‌లో పదోవంతు వరకూ తూస్తాడు. గ్రెయిన్ అంటే ఒక బార్లీ గింజ బరువు, 0.065 గ్రాము. మన కంసాలి గురిగింజలో సగం అనుకోండి. అంటే గురిగింజని ఇరవై ముక్కలు చేసి అందులో ఒక ముక్క తేడా వచ్చినా ఈయన ఊరుకోడు. యాభై తొడుగుల్లో మందు పోశాక టార్చిలైటు వేసి ప్రతి దాంట్లోకీ తొంగి చూస్తాడు, ఒకదాంట్లో రెండుసార్లు పడిందేమోనని. నాకు మా మామ గుర్తొచ్చాడు. ఎందుకో తర్వాత చెప్తాను.

"కొత్త తుపాకికైతే పుస్తకంలో ఉన్నట్టు చేస్తే చాలు. పాత మిలిటరీ తుపాకికి ముందు దాని చరిత్ర తెలియాలి" అన్నాడాయన. లెగసీ కోడ్ మెయింటెనెన్స్ చేసినవాళ్ళకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. కామెంట్లుండవు, రాసినవాడుండడు, ఎందుకు పెట్టాడో తెలీని ఒక లైను తీసేస్తే ప్రొడక్షన్ పడిపోతుంది.

ఉదాహరణకి గుండు లావు. పేరేమో .303. ఇది గొట్టం లోపలి గాడుల మిట్టల మధ్య కొలత. గాడుల లోతుతో కలిపి కొలిస్తే .311 నుంచి .314 దాకా ఉంటుంది, యుద్ధకాలంలో చేసినవైతే మరీ అటూ ఇటూ. కాబట్టి అమెరికాలో కిరాణా కొట్లో దొరికినంత తేలిగ్గా దొరికే .308 గుండు దీంట్లో వదులవుతుంది, గాడుల్ని సరిగ్గా పట్టుకోదు. .311 గానీ .312 గానీ కావాలి. గుండు వెనక భాగం సన్నగా ఉండాలా, చదునుగా ఉండాలా అన్నది ఇంకో ప్రశ్న. దూరం పోవడానికి సన్న తోకే మంచిది. కానీ అరిగిపోయిన పాత గొట్టంలో వేడి గాలి ఆ తోక పక్కనుంచి ముందుకు దూరిపోతుంది, గురి చెడుతుంది. అందుకని ఈయన చదును గుండ్లే కొంటాడు. మరి గొట్టం ఎందుకరిగింది? దానికి జవాబు మందులో ఉంది.

1888లో బ్రిటిష్ సైన్యం ఈ తూటాని తీసుకున్నప్పుడు లోపల ఉన్నది పాత నల్ల తుపాకిమందే. (నల్లమందు అని రాస్తే మీరు వేరేది అనుకుంటారని ఇంత పొడుగు పేరు.) సూరేకారం, గంధకం, బొగ్గు. దాన్ని గుళికలాగా గట్టిగా నొక్కి పెట్టారు. గుండు 215 గ్రెయిన్లు, ముక్కు గుండ్రం. పొగ రాని మందు ఫ్రెంచివాళ్ళు 1886లోనే వాడేస్తున్నారు. బ్రిటిష్ వాళ్ళు మందు ఇంకా తయారవకముందే తూటా రిలీజ్ చేసేసి, 1891లో కార్డైట్‌తో అప్‌గ్రేడ్ చేశారు. మన దగ్గర డెడ్‌లైన్లకి రిలీజులెలా అవుతాయో అచ్చం అలాగే.

కార్డైట్ అంటే పొడి కాదు, సేమ్యా లాంటి పోగులు. నైట్రోగ్లిజరిన్ 58 శాతం, నైట్రిక్ ఆమ్లంలో ఊరిన పత్తి 37, మిగతా 5 వ్యాజిలిన్. తొడుగు మెడ సన్నగా నొక్కకముందే ఆ పోగుల కట్టని లోపల దించి, తర్వాత మెడ నొక్కేవాళ్ళు. ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళెవరూ ఈ పని చెయ్యలేరు, అందుకే ఇప్పుడు .303 లోడ్ చేసేవాళ్ళంతా నైట్రోసెల్యులోజ్ రవ్వ మందులే వాడతారు. కార్డైట్ మంట విపరీతమైన వేడి. నల్లమందు మసి కోసమని లోతు తక్కువ పెట్టిన మెట్‌ఫర్డ్ గాడుల్ని అది తొందరగా తినేసింది. 1895లో గాడులు మార్చి ఎన్‌ఫీల్డ్ అన్నారు. 1901లో మందు మార్చి నైట్రోగ్లిజరిన్‌ని 30 శాతానికి దించారు. లీ-ఎన్‌ఫీల్డ్ అనే పేరులో సగం ఈ రిపేరు వల్ల వచ్చిందేనన్నమాట.

కార్డైట్‌కి ఇంకో రోగం ఉంది, అది మన ఊరి సంబంధం. ఎండలో వేడెక్కిన తూటాలో కార్డైట్ మామూలుకంటే వేగంగా మండుతుంది, గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. ఇంగ్లండు చలిలో సరిగ్గా పనిచేసిన తూటా ఏప్రిల్ నెల అనంతపురం ఎండలో అలాగే పనిచేస్తుందన్న నమ్మకం లేదు. వేటకొచ్చే దొరల పెద్ద రైఫిళ్ళకి ఇంగ్లండు కంపెనీలు మందు తగ్గించి "ట్రాపికల్" తూటాలని ప్రత్యేకంగా అమ్మేవి. సైన్యం కోసం ఇండియాలో కార్డైట్ ఫ్యాక్టరీ పెట్టాలనుకున్నప్పుడు వాళ్ళు ఎంచుకున్న చోటు నీలగిరుల్లో అరువంకాడు. 1903-04 నాటి మాట. బెంగుళూరు నుంచి లాంగ్ వీకెండుకి ఊటీ వెళ్ళి బొమ్మరైలు ఎక్కినవాళ్ళు ఆ స్టేషన్ దాటే ఉంటారు. ఈసారి కిటికీలోంచి చూడండి.

సరే, ఇంతవరకూ ఇంజనీరింగు. గుండు కథ దగ్గర నాకు మనసు వికలమయింది.

కొత్త .303 గుండు చిన్నది, వేగమైనది, చుట్టూ గట్టి లోహపు తొడుగు. 1895లో చిత్రాల్ దండయాత్రలో సైనికులు ఫిర్యాదు చేశారు, గుండు తగిలినా పఠాన్లు ఆగట్లేదు, నీటుగా బెజ్జం పెట్టి వెనకనుంచి వెళ్ళిపోతోందని. బగ్ రిపోర్టు కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారానికి వచ్చింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టున్న ఆ డమ్‌డమే. కెప్టెన్ బెర్టీ-క్లే అనే సూపరింటెండెంటు ఇచ్చిన ఫిక్సు చాలా చిన్నది. తొడుగుని ముక్కు దగ్గర కొంచెం కురచ చేసి సీసం బయటికి కనబడేలా వదిలేశాడు, అంతే. ఒంట్లో దిగగానే పువ్వులా విచ్చుకుంటుంది. 1897-98లో తీరా యుద్ధంలో వాడారు. 1899లో హేగ్ సమావేశంలో మిగతా దేశాలు దీన్ని నిషేధించాలన్నాయి. బ్రిటిష్ తరఫున వచ్చిన జనరల్ ఆర్డా ఏం వాదించాడంటే, నాగరికుడైన సైనికుడు గుండు తగిలితే వెనక్కి వెళ్ళి ఆస్పత్రిలో పడుకుంటాడు, అనాగరికుడు మాత్రం ఆగడు, మీదికొస్తాడు, కాబట్టి వాడికి వేరే గుండు కావాలని. పెద్దమనుషుల మధ్య, మినిట్సులోకి ఎక్కేలా అన్న మాట ఇది. నిషేధం పాసయింది. బ్రిటన్ అందులో చేరింది 1907లో.

ఇది చదివినప్పుడు నాకు గుంతకల్లు హంపన్న గుర్తొచ్చాడు. మా జిల్లా బయట ఈ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. 1893 అక్టోబరులో తెల్ల సైనికులు తరుముతుంటే ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి రైల్వే గేటు కాపలాదారు హంపన్న గదిలో దూరారు. ఆయన తలుపుకి అడ్డం నిలబడ్డాడు. కడుపులో కాల్చారు, చనిపోయాడు. గుత్తి వకీలు కేశవపిళ్ళె ఆ కేసు పట్టుకుని పోరాడినా, నిందితుడు మద్రాసులో నిర్దోషిగా బయటపడ్డాడు. అప్పటికి ఇంకా డమ్‌డమ్ గుండు పుట్టలేదు. గుండు సరిగ్గా పనిచెయ్యట్లేదన్న కంప్లయింటు గుంతకల్లు నుంచి ఎవరూ పంపలేదు.

1910లో వచ్చిన మార్క్ 7 గుండే మా పెద్దాయన కాపీ కొట్టేది. 174 గ్రెయిన్లు, మొనదేలిన ముక్కు, సెకనుకు 2440 అడుగులు. బయటికి పూర్తి తొడుగు, హేగ్ రూలు పాటించినట్టే. కానీ లోపల ముక్కు భాగంలో సీసం బదులు అల్యూమినియం పెట్టారు, యుద్ధంలో కరువొచ్చినప్పుడు చెక్క గుజ్జు కూడా. దాంతో బరువంతా తోకలోకి పోయి, ఒంట్లో దిగగానే గుండు పల్టీ కొడుతుంది. స్పెసిఫికేషన్ అక్షరాలా పాటించి, ఆత్మని పక్కన పెట్టడం. మన ఫీల్డులో ఇలాంటివి మనమూ చేశాం, కాకపోతే ఇంత దారుణం కాదు.

ఇక ఈ తూటా మనవాళ్ళ చేతికి రాకుండా చూసుకోవడం ఇంకో పెద్ద కథ. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేనిదే తుపాకి ఉండకూడదన్నారు. సైన్యం తూటా పట్టే రైఫిలు లైసెన్సున్నవాడికీ లేదు. 1907లో .450 తూటాలు కూడా ఆపేశారు, సరిహద్దులో కొట్టేసిన పాత మార్టినీ-హెన్రీలకి ఆ గుండ్లు పనికొస్తాయని. దాంతో ఇంగ్లండు తుపాకి కంపెనీలు ఆ నిషేధాన్ని తప్పించుకోవడానికి .465, .470, .475 అని వరసగా కొత్త సైజులు కనిపెట్టాయి. వేట పుస్తకాల్లో ఇన్ని సైజులెందుకున్నాయో నాకు అప్పుడర్థమయింది. పోలీసుల్నీ నమ్మలేదు. కొన్ని .303 రైఫిళ్ళ గొట్టాన్ని గాడుల్లేకుండా తొలిచి .410 మస్కెట్లుగా మార్చి, మ్యాగజైన్‌లో చెక్క దిమ్మ కొట్టి, ఒక్కో తూటా మాత్రమే పెట్టుకునేలా చేసి పోలీసులకీ జైలు కాపలాకీ ఇచ్చారు. దాని తూటా కూడా .303 తొడుగే, మెడ నొక్కకుండా వదిలేసింది.

మన దగ్గర లైసెన్సుదారుల చేతిలో కనిపించే .315 రైఫిలు ఈ కథలో మిగిలిన ముక్క. అది 1888 నాటి ఆస్ట్రియా సైన్యపు 8 ఎంఎం మాన్‌లిషర్ తూటా. ఇండియాలో ఏ సైన్యమూ వాడదు కాబట్టి జనానికి పర్వాలేదన్నారు. స్వతంత్రం వచ్చాక మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగంతో ఆ తూటా పట్టే రైఫిలు చేసి అమ్మింది. గుండు 244 గ్రెయిన్లు, మెత్తని సీసం ముక్కు. హేగ్ నిషేధం యుద్ధానికే, వేటకి కాదు. కాబట్టి డమ్‌డమ్‌లో పుట్టిన ఆలోచన సర్కారీ డబ్బాలో, సక్రమంగా, ఇప్పటికీ ఉంది.

అనంతపురం రైతుకి మాత్రం అదీ అందలేదు. సీమ అనగానే సినిమావాళ్ళు బాంబులూ సుమోలూ చూపిస్తారు గానీ, మా పల్లెలో నేను చూసిన తుపాకి ఒక్కటే, మా మామది. 1959 చట్టం పంట కాపలాకి అనుమతించే, గొట్టం మూతిలోంచి మందు కూరే నాటు తుపాకి. శనక్కాయ చేను ఊడ కట్టే సమయంలో అడవిపందులు దిగితే ఒక్క రాత్రిలో ఎకరం తవ్వేస్తాయి. వాన ఎటూ నమ్మకం లేని చోట ఆ ఎకరమే ఏడాది తిండి. ఎలక్షన్లొచ్చిన ప్రతిసారీ తుపాకి తీసుకెళ్ళి స్టేషన్లో పెట్టి, అయ్యాక తెచ్చుకోవాలి. పందులకి ఎలక్షన్ కోడ్ వర్తించదు.

మామకి కాటా లేదు. ఒక ఇత్తడి గొట్టం ముక్క ఉండేది, అదే కొలత. ఒక రాత్రి మందు కూరి పెట్టుకున్నాడు, పందులు రాలేదు, కాల్చలేదు. మరుసటి రాత్రి ఖాళీగా ఉందనుకుని ఇంకో కొలత పోశాడు. తుపాకి వెనకవైపు పగిలింది. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. నాకప్పుడు ఏడేళ్ళు. ట్రాక్టర్ ట్రాలీలో, చెయ్యి తువ్వాలులో చుట్టుకుని, ఆయన అనంతపురం దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ శనివారం రాత్రి ఫోన్ చేసి టార్చిలైటు సంగతి చెప్పాను. అంతా విన్నాడు.

"ఇంతకీ ఆయప్ప ఎన్ని పందుల్ని కొట్టినాడల్లుడా?"

"పందులు లేవు మామా. కాగితం మీద గురి చూసి కాలుస్తాడు."

కాసేపు అవతల చప్పుడు లేదు. "కాగితానికి అంత కొలతా?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "ఆ కాటా రేటెంతుంటాదో కనుక్కో" అన్నాడు.