ఇమ్యునోస్కోర్: పెద్దపేగు క్యాన్సర్‌లో రోగనిరోధక సూచికల చరిత్ర

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి తీసిన కణితిలో టి-కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) ఎంత ఒత్తుగా, ఏయే చోట్ల చేరాయో లెక్కగట్టి, జబ్బు తిరగబెట్టే ముప్పును అంచనా వేసే పరీక్ష ఇమ్యునోస్కోర్. పారిస్‌లో జెరోమ్ గాలోన్, ఫ్రాంక్ పజేస్, వోల్ఫ్ హెర్మన్ ఫ్రిడ్‌మన్ బృందం చేసిన పరిశోధనల నుంచి ఇది పుట్టింది.

అంతకుముందు అంచనాలన్నీ కణితి చుట్టూనే తిరిగేవి. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పాథాలజిస్టు కత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో మలాశయ క్యాన్సర్‌ను ఎ, బి, సి అని విడదీశాడు. పేగు గోడలోకి ఎంత లోతుకు దిగింది, లింఫ్ గ్రంథులకు పాకిందా అన్నవే ఆయన కొలతలు. తర్వాత ఫ్రెంచి సర్జన్ పియేర్ దెన్వా రూపొందించిన టీఎన్ఎం (కణితి, లింఫ్ గ్రంథులు, దూరవ్యాప్తి) దశల పద్ధతి ఇదే దారిలో నడిచి, ఇవాళ్టికీ చికిత్సకు ఆధారంగా నిలిచింది. అయితే ఒకే దశలో ఉన్న ఇద్దరిలో ఒకరు పూర్తిగా కోలుకుంటారు, మరొకరికి రెండేళ్లు తిరక్కుండానే కాలేయంలో గడ్డలు కనిపిస్తాయి. చిక్కంతా ముఖ్యంగా లింఫ్ గ్రంథులకు పాకని రెండో దశలో. అక్కడ ఎక్కువమందికి ఆపరేషన్ ఒక్కటే చాలు. కీమోథెరపీ ఎవరికి అవసరమో చెప్పడమే కష్టం.

కణితి అంచున లింఫోసైట్లు (టి-కణాలు చెందే తెల్లరక్తకణాల తరగతి) గుమిగూడితే రోగి ఎక్కువ కాలం బతుకుతాడని పాథాలజిస్టులు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. సెయింట్ మార్క్స్‌లోనే పనిచేసిన జెరెమీ జాస్ 1987లో ప్రతిపాదించిన వర్గీకరణలో ఆ గుంపుకు చోటిచ్చాడు. అది నిలదొక్కుకోలేదు. మామూలు రంగు వేసిన స్లైడులో ఒకరికి ఒత్తుగా కనిపించింది మరొకరికి ఓ మోస్తరుగా తోచేది. పైగా అవి ఏ రకం లింఫోసైట్లో తెలిసేది కాదు. యాంటీబాడీ రంగులు వచ్చాక ఆ సందేహం తీరింది. 1998లో జపాన్ పరిశోధకులు 131 మంది కణితులను చూసి, క్యాన్సర్ కణాల గుంపుల మధ్యకే చొచ్చుకుపోయిన సీడీ8 టి-కణాలు (క్యాన్సర్ కణాలను చంపే రకం) మంచి సూచన అని తేల్చారు.

పారిస్ బృందం 2005లో 959 కణితులను పరిశీలించింది. రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి, నరాల వెంట పాకే తొలి ఆనవాళ్లు లేనిచోట జ్ఞాపక టి-కణాలు (ఒకసారి ఎదురైన శత్రువును గుర్తుంచుకునేవి) ఎక్కువగా కనిపించాయి. 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసం ఇంకో అడుగు ముందుకేసింది: కణాల రకం, సాంద్రత, అవి ఉన్న చోటు కలిపి చూస్తే, రోగి భవిష్యత్తు గురించి వాడుకలో ఉన్న దశల లెక్కకన్నా మెరుగ్గా చెప్పవచ్చు. ఆ రోజుల్లో ఇది సాహసపు మాటే. ఈ చరిత్రలో అసలు మలుపు కూడా ఇదే. జబ్బు ఎంత దూరం పోయిందన్న ప్రశ్న పక్కన, ఒళ్లు దాన్ని ఎలా ఎదుర్కొంటోందన్న ప్రశ్న వచ్చి చేరింది.

పరీక్ష పద్ధతి సూటిగానే ఉంటుంది. మైనపు దిమ్మలో దాచిన కణితి ముక్క నుంచి పలచటి పొరలు కోసి, ఒకదానికి సీడీ3 (టి-కణాలన్నిటి గుర్తు), మరోదానికి సీడీ8 రంగు వేస్తారు. కణితి నడిమి భాగంలో, అది ఆరోగ్యకరమైన కణజాలంలోకి చొరబడే అంచులో కణాలను కంప్యూటర్ లెక్కిస్తుంది. ఇలా వచ్చిన నాలుగు సాంద్రతలను కలిపి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని తేలుస్తారు. జాస్‌ను ఇబ్బంది పెట్టిన కంటి తేడా చాలావరకు ఇక్కడ తొలగిపోయింది.

ఒక ప్రయోగశాలలో పనిచేసింది అన్నిచోట్లా పనిచేస్తుందా? 2018లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో ఇమ్యునోస్కోర్ ఆ పరీక్షకు నిలిచింది. మొదటి మూడు దశలకు చెందిన 2,681 మంది రోగుల నమూనాలు అందులో ఉన్నాయి. అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా పాల్గొంది. రోగులను బృందాలుగా విడదీయగా, తొలి బృందంలో స్కోరు ఎక్కువున్నవారిలో 8 శాతం మందికి, మధ్యస్థంగా ఉన్నవారిలో 19 శాతానికి, తక్కువున్నవారిలో 32 శాతానికి ఐదేళ్లలో జబ్బు తిరగబెట్టింది.

డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను దిద్దుకోలేని కణితులది (మైక్రోశాటిలైట్ అస్థిరత) వేరే కథ. 1993లో వీటిని గుర్తించారు. వీటిలో మారిపోయిన ప్రోటీన్లు ఎక్కువ, అందుకే టి-కణాలు వీటిని తేలిగ్గా పసిగడతాయి. కణితిని కాకుండా, రక్తంలో న్యూట్రోఫిల్ (మరో రకం తెల్లరక్తకణం), లింఫోసైట్ల నిష్పత్తిని కూడా కొందరు సూచికగా వాడారు. మామూలు సీబీపీ (పూర్తి రక్త పరీక్ష) రిపోర్టులోనే దొరుకుతుంది కనుక అది చవక. కానీ చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా, స్టెరాయిడ్లు వాడినా అంకె మారిపోతుంది.

ముప్పును చెప్పడం వేరు, మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పడం వేరు. మూడో దశ రోగులకు కీమో మూడు నెలలా, ఆరు నెలలా అన్నది తేల్చడానికి ఫ్రాన్స్‌లో జరిగిన పరీక్ష నమూనాలను 2020లో ఇమ్యునోస్కోర్ కోణంలో చూస్తే, ఆరు నెలల చికిత్సతో లాభపడింది స్కోరు బాగున్నవారే. ముప్పు ఎక్కువున్నవారికి మందు ఎక్కువ ఇవ్వాలన్న సహజమైన ఆలోచనకు ఇది ఎదురు తిరిగింది. అదే ఏడు యూరప్ వైద్య క్యాన్సర్ నిపుణుల సంఘం మార్గదర్శకాల్లో ఇమ్యునోస్కోర్ ప్రస్తావనకు వచ్చింది, అదీ టీఎన్ఎంకు తోడుగా.

ఈలోగా పోటీ మొదలైంది. 2022లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్ష ‘డైనమిక్’లోని ఒక వర్గంలో, ఆపరేషన్ తర్వాత రక్తంలో కణితి డీఎన్ఏ ఆనవాలు దొరికిన రెండో దశ రోగులకే కీమో ఇచ్చారు. మామూలు పద్ధతిలో 28 శాతం మంది కీమో తీసుకుంటే, ఈ పద్ధతిలో 15 శాతమే తీసుకున్నారు. రెండేళ్ల ఫలితాలు మాత్రం దెబ్బతినలేదు. సూచిక చూసి వైద్యాన్నే మార్చి పరీక్షించిన అధ్యయనం ఇది. ఇమ్యునోస్కోర్‌కు బలమిచ్చిన ఆధారాలు ఎక్కువగా, చికిత్స ముగిసిన రోగుల మైనపు దిమ్మలను తర్వాత తీసి చూసినవి.