1998: అటు సైబర్ టవర్స్, ఇటు పురానీ హవేలీ

ఈ ఎపిసోడ్‌లో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల గురించి మాట్లాడుకుందాం. హోంవర్క్ గ్రూపులు కాదండీ. "బాబుకి రేపు రక్తం ఎక్కించాలి, ఓ నెగటివ్ దొరకట్లేదు, ఎవరైనా ఉన్నారా?" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పడే గ్రూపులు. డోనర్‌గా నేనూ అలాంటివి రెండింట్లో ఉన్నా. ఇవన్నీ స్మార్ట్‌ఫోన్‌తో పుట్టాయని చాలామంది అనుకుంటారు. కానీ వీటి మూలాలు అంతకన్నా పాతవి. అందులో ఒక అడ్రస్ మన పాతబస్తీలోనే ఉంది.

1998 అంటే మా ఐటీ వాళ్లకి గుర్తొచ్చేది సైబర్ టవర్స్. ఆ నవంబర్‌లోనే ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో దాన్ని ప్రారంభించారు. అదే ఏడాది ఈ ఊళ్లోనే కొందరు తల్లిదండ్రులు, పేషెంట్లు, డాక్టర్లు కలిసి 'తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ' పెట్టుకున్నారు. అది చాలాకాలం పురానీ హవేలీ దగ్గర, సిటీ సివిల్ కోర్టు ఎదురుగా నడిచింది. అంటే ఛత్తా బజార్‌లో, పెళ్లి కార్డులు అచ్చేసే ప్రెస్సుల మధ్య. ఈ పెళ్లి కార్డుల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అసలు తల్లిదండ్రులే ఎందుకు పూనుకోవాల్సి వచ్చింది? జబ్బు తీరు అలాంటిది. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఆర్నెల్లు దాటాక, రెండేళ్ల లోపు పాలిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. జీవితాంతం. పోనీ రక్తం దొరికితే కష్టం తీరిందా అంటే, లేదు. ఒక్కో యూనిట్‌తో దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అప్పట్లో దానికి డెస్ఫెరాల్ అనే మందు ఉండేది. వారానికి ఐదారు రాత్రులు చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపుతో ఎనిమిది, పది గంటలు ఎక్కించాలి. 90ల మధ్యలో మన దేశంలో డెఫెరిప్రోన్ మాత్ర వచ్చింది. 2005 తర్వాత డెఫెరాసిరాక్స్ వచ్చింది.

ఇంట్లో రాత్రిపూట ఆ సూది గుచ్చేది ఎవరు? అమ్మ. పిల్ల ఏడుస్తుంటే ఎలా పట్టుకోవాలి, ఎక్కడ గుచ్చితే వాపు తక్కువ, ఆఫీసులో ఇన్ని సెలవులు ఎలా అడగాలి? ఐదు నిమిషాల ఓపీలో ఇవన్నీ డాక్టర్‌ని అడగలేం. పక్క మంచం మీద బిడ్డతో కూర్చున్న ఇంకో అమ్మ చెప్పాలి. నా దృష్టిలో ఆ మంచాల వరసే మొదటి 'గ్రూప్'.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇంకోటుంది: "నా వల్లేనా?" మన ఇళ్లలో నింద ముందు కోడలి మీదే పడుతుంది. నిజానికి బిడ్డకి మేజర్ రావాలంటే అమ్మా నాన్నా ఇద్దరూ క్యారియర్లు కావాలి. అప్పుడు ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. క్యారియర్‌కి పైకి ఏ జబ్బూ కనపడదు, టెస్ట్ చేయించుకుంటేనే తెలుస్తుంది. మేనరికాలు ఎక్కువున్న మన దగ్గర, ఏ మతమైనా సరే, ఇది పట్టించుకోవాల్సిన విషయం.

ఇప్పుడు పెళ్లి కార్డుల దగ్గరికి వద్దాం. సైప్రస్‌లో 70ల నుంచే క్యారియర్ పరీక్షలు పెద్దఎత్తున చేశారు. తర్వాత పెళ్లికి ముందు టెస్ట్ సర్టిఫికెట్ చూపించమని చర్చి కూడా అడిగింది. కొత్తగా ఈ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. వివిధ దేశాల పేషెంట్ల, తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1986లో పెట్టుకున్న అంతర్జాతీయ సమాఖ్య ఆఫీసు కూడా అక్కడే ఉంది. మన దగ్గర కార్డు అచ్చుకి ఇచ్చే ముందు జాతకం చూస్తాం, హెచ్‌బీ ఏ2 రిపోర్ట్ చూడం.

మరి ఫోన్ వచ్చాక ఏం మారింది? 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక, మంచాల వరస వాట్సాప్‌లోకి వచ్చేసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కాలేజీల్లో, కంపెనీల్లో క్యాంపులు ఆగిపోయాయి. పిల్లల ఒంట్లో రక్తం మాత్రం లాక్‌డౌన్ కోసం ఆగదు కదా. అప్పుడు చాలా ఇళ్లకి ఇలాంటి గ్రూపులే దిక్కయ్యాయి.

కానీ ఒక తేడా ఉంది. వార్డులో చెప్పిన మాట వార్డులోనే ఉండేది. గ్రూపులో పెట్టిన రిపోర్ట్ ఫోటో పేరుతో సహా పది గ్రూపులు తిరుగుతుంది. రేపు ఆ పిల్ల అక్క పెళ్లి మాటలప్పుడు అదే అడ్డొస్తుంది. ఇంకొకరి బిడ్డ డోసు చూసి మాత్ర మార్చేవాళ్లూ ఉంటారు. గ్రూప్ ధైర్యం ఇవ్వాలి, డోసు డాక్టరే చెప్పాలి.

సొసైటీ ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది, సొంత బ్లడ్ బ్యాంక్‌తో. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో తలసీమియా కూడా చేరింది. ఇవేవీ యాప్ చేసిన పనులు కావు, మనుషులు ఒకచోట కూర్చుని సాధించుకున్నవి.

ఎండాకాలంలో కాలేజీలు మూస్తారు, రక్తం కరువవుతుంది. 18 దాటి, ఆరోగ్యంగా ఉంటే ఈ నెలలో ఒకసారి ఇచ్చి రండి. పెళ్లి కుదిరినవాళ్లు టెస్ట్ చేయించుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.