కాంట్రాక్టు అతుకు

మిత్రులకు గుర్తుండే ఉంటుంది. 1985 మార్చి 30 తరువాత మజ్దూర్లను కొత్తగా తీసుకోవడం టెలికాం శాఖ ఆపింది. తవ్వకం, కేబులు పని క్రమేణా కాంట్రాక్టర్లకు పోయింది.

స్ప్లైసరుగా రిటైరై క్రోసూరులో స్థిరపడ్డాను. 2001లో రోడ్డు పనికి తెగిన మా లైనును ఒక కాంట్రాక్టరు మనుషులు కలిపారు. కేబులులో జెల్లీ ఉండేది తడి దూరకుండా. అతుకు దగ్గర అది తుడిచేస్తాం కనుక ఒక్కొక్క జతకు కనెక్టరు వేసి, కిట్టుతో మూసి తీరాలి. వీళ్ళు మెలిపెట్టి, టేపు చుట్టి, జానెడు లోతున పూడ్చారు! చెబితే, "పెద్దాయనా, ఇప్పుడంతా ఇంతేనండీ" అన్నాడొకడు.

మాది నల్లరేగడి. తొలివానకే ఫోను గరగరలాడి మూగబోయింది. హైదరాబాదులో మా అమ్మాయికి పురుడు కష్టమై ఆపరేషను చేశారట; కబురు మూడోనాడు బస్సులో వచ్చిన బంధువు చెబితే తెలిసింది. బిడ్డ, తల్లి క్షేమం. మా ఆవిడ మాత్రం, "ముప్పయ్యేళ్ళు ఊరందరి ఫోన్లూ కలిపారుగా" అంది.

మర్నాడు పలుగు పట్టి నేనే తవ్వాను. నిబంధనలకు విరుద్ధమే, మన్నించాలి.