ఒకే రేకుపై పలు రంగులు

విద్యను దాచుకొనుట మన దేశమున చిరకాలముగ నున్న యాచారము. తండ్రి కుమారునకు మాత్రమే చెప్పెడి కిటుకులు, గురువు కడపటి శిష్యునకు మాత్రమే విప్పెడి మర్మములు ఎన్ని కాటికి పోయినవో లెక్కింపజాలము. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదగు నిర్మలలో పునికి చెక్కను బొమ్మగా మలచు నకాషీల పనిని చూచినప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచును. ఇంతటి చేతివిద్య యింటి గడప దాటి పాఠశాల మెట్టెక్కకుండుటేల? ఈ విషయమై యాలోచించువారికి పారిస్ నగరమున పనిచేసిన యొక తెలుగువాని జీవితము మార్గము చూపగలదు. ఆయన కృష్ణారెడ్డి.

1925లో చిత్తూరు జిల్లా నందనూరున జన్మించిన యీయన శాంతినికేతనమున నందలాల్ బోసు కడ చిత్రలేఖనమును, పిదప లండనులోని స్లేడు కళాశాలలో హెన్రీ మూరు కడ శిల్పమును నేర్చి, తరువాత పారిస్ చేరెను. 1927లో స్టాన్లీ విలియం హేటర్ అక్కడ నెలకొల్పిన 'ఆతెలియే 17' అను ముద్రణశాల, యుద్ధకాలమున న్యూయార్కునకు తరలిపోయి, 1950లో మరలివచ్చి యుండెను. పేరుమోసినవారును, నిన్న వచ్చినవారును ఒకే యంత్రము చుట్టు నిలిచి పనిచేయుట యచటి పద్ధతి.

అంతకుముందు పలువన్నెల చిత్రమును అచ్చొత్తుటకు సాధారణముగ రంగున కొక రేకు కావలసివచ్చెడిది. హేటరుతోడను, బొంబాయికి చెందిన కైకో మోతీతోడను గూడి కృష్ణారెడ్డి సాధించిన పద్ధతిలో ఒక్క రేకే చాలును. లోహపు రేకును పలు లోతులుగ తొలుతురు. రంగులలో నూనెను ఒకదాన హెచ్చుగను, ఒకదాన తక్కువగను కలుపుదురు. గట్టి రోలరు మిట్టలనే తాకును. మెత్తని రోలరు పల్లముల లోనికి దిగును. నూనెపాళ్లు వేరగుటచే ఒక రంగు వేరొక రంగును కలియనీయదు. కాగిత మొక్కమారు యంత్రమున బోయినంతనే వన్నెలన్నియు దిగును.

ఇట్టి కిటుకును దాచుకొన్నచో నాతని నెవ్వ రాక్షేపింతురు? ఆయన దాచలేదు. 1965లో ఆ శాలకు సహసంచాలకుడయ్యెను. 1976లో న్యూయార్కునకు పోయి యచటి విశ్వవిద్యాలయమున బోధించెను. 1988లో ఆ పద్ధతిని గ్రంథముగ ప్రకటించెను. 2018లో ఆయన మరణించునాటికి ఆ విద్య యనేక దేశముల శిష్యుల చేతులలో నుండెను.

అయితే ఒక మాట. కృష్ణారెడ్డికి విద్యాపీఠము జీతమిచ్చెను. మన పనివానికి వాని కిటుకే మాన్యము, అదియే కూడు. వాని కంచమున నన్నము నిలుచునట్లు చూడక, మర్మము విప్పుమని వానికి బోధించుట యన్యాయము. వానిని పాఠశాలకు పిలిచి, సంస్కృతపండితున కిచ్చు పీటయే వానికిని వేసి, జీతమిచ్చి, యే కులపు బాలునకైనను నేర్పుమని కోరుదము. వాడు నిరాకరించినచో నప్పుడు నిందింతము. అట్టి పిలుపు మన మింకను పిలువలేదు.