గాజుతొట్టిలో పగడపు దిబ్బ

అగస్త్యుడు సముద్రమును పుడిసిట బట్టి త్రాగెనని మన పురాణములు చెప్పుచున్నవి. సముద్రమును పుడిసిట బట్టి నిలుపుకొనుట త్రాగుటకంటె కష్టమని మానవుడు తెలిసికొని ఇంకను రెండు శతాబ్దములు నిండలేదు.

నేడు పెక్కు దేశములలో సామాన్య గృహస్థులు సైతము 40 లీటర్ల గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి పగడపు జీవులను పెంచుచున్నారు. దీపపు వెలుగులో అవి పూవులవలె విచ్చుకొనును. వాని నడుమ రంగురంగుల చేపలు తిరుగాడును. చూచువారి కన్నులు చేపలమీదను, పగడములమీదను నిలుచును. కాని ఈ విద్య చరిత్రమంతయు వాని చుట్టునున్న నీటిని గూర్చినది. నీటిని చెడకుండ కాపాడుట యెట్లు? ఈ ప్రశ్నకు ఎవరెవరు ఏయే సమాధానములు కనుగొనిరో శ్రోతలకు సంగ్రహముగా విన్నవించుచున్నాము.

పూర్వము రోమను శ్రీమంతులు తీరమున కొలనులు త్రవ్వించి సముద్రపు చేపలను పెంచిరి. ఆ కొలనులకు సముద్రమే నీరందించుచు, సముద్రమే మురికిని కొనిపోవుచుండెను. తీరమును విడిచి, ఇంటిలోపల ఒక పాత్రలో ఆ నీటిని నిలిపినచో కొలది దినములలోనే అది చెడిపోయెడిది. జీవులు పీల్చు ప్రాణవాయువు తరిగిపోవును. అవి విడిచిన మలినము పెరిగిపోవును. దానిని కడిగివేయుటకు అక్కడ అలలు లేవు.

1846లో ఇంగ్లండు దక్షిణ తీరమునందలి టార్కీ పట్టణమునకు వెళ్లిన ఆనా థిన్ అను లండను గృహిణి, అచటి చిన్న రాతిపగడములను చూచి ముచ్చటపడి ఇంటికి కొనిపోదలచెను. ప్రయాణమున ఒకదానినొకటి ఒరసికొనకుండ వానిని సూదిదారముతో ఒక పెద్ద స్పాంజికి కుట్టి, జాడీలోని ఉప్పునీట నుంచెను. లండనులో దినదినము క్రొత్త సముద్రజలము లభించునా? అందుచే ఆమె యింటి పనికత్తె తెరచిన కిటికీ యెదుట నిలిచి, కాచిన పాలు చల్లార్చినట్లు, ఆ నీటిని పాత్రనుండి పాత్రకు అరగంట, ముప్పాతిక గంట తిరుగబోయుచుండెను. గాలి కలిసి నీరు తేరుకొనెను. మరుసటి సంవత్సరము ఆమె సముద్రపు నాచును కూడ చేర్చెను. పగడములు బ్రదుకుటయే కాక సంతానమును సైతము పొందెను. నగరములోని ఇంటిలో నిలిచిన తొలి సముద్రములలో ఇది యొకటి. దానిని మొదట నిలిపినది ఒక పనికత్తె రెక్కల కష్టము.

ఆ కష్టమును మొక్కలచేత చేయింపవచ్చునని 1850లో రాబర్టు వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లండను రసాయన సంఘమునకు నివేదించెను. అతడు మంచినీటి తొట్టిలో బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి పెంచెను. చేపలు విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్కలు గ్రహించి, వెలుతురులో ప్రాణవాయువు నిచ్చెను. కుళ్లిన ఆకులను నత్తలు తినెను. పిదప ఉప్పునీటిలోను ఇట్టి సమతూకమునకే అతడు యత్నించెను. 1845లో ఇంగ్లండున గాజుపై పన్ను తొలగింపబడుటచే గాజు చౌక యైనది. 1853లో లండను జంతుశాలలో జలచరముల గాజుమందిరము తెరువబడెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు ‘ది అక్వేరియం’ అను గ్రంథమును ప్రకటించెను; అక్వేరియం అను పేరు అప్పటినుండి ఇంటింట వ్యాపించెను. నాలుగు లవణములను మంచినీట కలిపి కృత్రిమ సముద్రజలమును చేయు పద్ధతిని కూడ అతడే అదే సంవత్సరము వివరించెను. తీరమునకు దూరముగా నున్నవారికి గూడ సముద్రము దగ్గరయ్యెను.

అయితే ఆ గ్రంథముల ఫలము తీరమున మరియొక విధముగా కనబడెను. జనులు ఉలులు, సుత్తులు, జాడీలు చేతబట్టుకొని సముద్రపు ఒడ్డుకు పరుగెత్తిరి. రాతిగుంటలలో యుగయుగములుగా వర్ధిల్లిన పూవువంటి జీవులను పెకలించి కొనిపోయిరి. వానిలో అధికభాగము ఇండ్లలో చచ్చినవి. గాస్ కుమారుడు ఎడ్మండు గాస్ 1907లో ప్రకటించిన ‘ఫాదర్ అండ్ సన్’ అను గ్రంథమున, తన బాల్యమునాటి ఆ రమణీయమైన గుంటలు పాడైపోవుటను, అందులకు తన గ్రంథములే కారణమయ్యెనని తండ్రి లోలోపల కుమిలిపోవుటను వర్ణించెను. సముద్రమును ప్రేమించుట నేర్పినవాడే సముద్రమునకు హాని తెచ్చినవాడయ్యెను!

ఆ వెఱ్ఱి 1860 తరువాత క్రమముగా చల్లారెను. ఫ్యాషను మారుట యొక కారణము. తొట్లు నిలువకుండుట వేరొక కారణము. గాలి ఉన్నను, నాచు ఉన్నను నీరేల చెడును? చేపల విసర్జనమునుండి అమ్మోనియా పుట్టును. అది వానికి విషము. దానిని నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు కలవు. రష్యా దేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున అట్టి వానిని వేరుచేసి చూపెను. అనగా మనము చూడని పనివారు ఇసుకయందును, రాతియందును కాపురముండి నీటిని శుభ్రపరచుచున్నారన్నమాట. తొట్టిని తళతళలాడునట్లు తోమి కడిగినవారు తెలియక ఆ పనివారినే తరిమివేయుచుండిరి.

ఉష్ణమండల సముద్రములలో దిబ్బలుకట్టు పగడములకు ఇంకొక అవసరము కలదు. వాని శరీరములో సూక్ష్మమైన నాచుకణములు నివసించును. అవి సూర్యకాంతిలో ఆహారమును తయారుచేసి పగడమునకు పంచియిచ్చును. వెలుగు లేనిచో ఆ పగడము ఆకలితో చచ్చును. ఆనా థిన్ తెచ్చిన చలిసముద్రపు పగడములకు ఈ బాధ లేదు. కనుకనే అవి లండను మసకవెలుగులో బ్రదికినవి.

ఈ రెండు రహస్యములను ఒక్కతొట్టిలో కూర్చినవాడు జకార్తా నివాసియగు లీ చిన్ ఎంగ్. అతడు 1961లో అమెరికా పత్రిక యొకదానిలో తన పద్ధతిని వివరించెను. సముద్రజలము, ఎండ, సన్నని గాలిబుడగలు, సముద్రమునుండి ప్రాణులతో సహా తెచ్చిన రాళ్లు. ఇంతకంటె అతనికి వేరు యంత్రము లేదు. ఆ రాతి పైపొరలలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. లోపల ప్రాణవాయువు చొరని చోటులందున్నవి నైట్రేటును నత్రజనిగా మార్చి గాలిలోనికి వదలును. తరువాతి దశాబ్దములలో జర్మనులు, ముఖ్యముగా బెర్లినువారు, ఎండకు బదులు బలమైన దీపములను, మలినమును నురుగుగా తీసివేయు యంత్రమును చేర్చి ఈ పద్ధతిని చలిదేశములలో నిలిపిరి.

తొట్టి ఎంత చిన్నదైన అంత జాగ్రత్త కావలెను. లీటరు సముద్రజలమున ఇంచుమించు 35 గ్రాముల లవణముండును. 40 లీటర్ల తొట్టిలో 4 లీటర్లు ఆవిరియైనచో నీరే పోవును గాని ఉప్పు పోదు. లీటరునకు 39 గ్రాములగును. మహాసముద్రమునకు లెక్కలోనిది కాని ఎండ, ఈ తొట్టిలోని ప్రాణులకు గండము. కావున తరిగిన నీటికి బదులు దినదినము మంచినీరే పోయవలెను, ఉప్పునీరు కాదు.

మన దేశమున మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నమునకై పగడపు రాతిని త్రవ్వివేసిరి. 2001లో రాతిపగడపు జాతులన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి అనుబంధమున చేర్పబడినవి. వానిని సముద్రమునుండి పెరికి తెచ్చుటయు, అమ్ముటయు నేరములు. గాస్ తీరమున జరిగినదానిని ఎరిగిన మనకు ఈ చట్టము కఠినముగా తోపరాదు. 40 లీటర్ల నీటిని బ్రదికించుటకు ఇన్ని చేతులు, ఇన్ని దీపములు, ఇంత కాలము పట్టెను. ఎవరి చేయియు అక్కరలేక బ్రదుకుచున్న ఆ పెద్దనీటి విలువ యెంతయో ఈ చిన్నతొట్టి మనకు కొలిచి చూపుచున్నది.