బడిలో బెత్తం, బాలల మనసు

తెలుగునాట బాలల మానసిక ఆరోగ్య చరిత్రను ఆసుపత్రులతోనో మనోవైద్యులతోనో కాక వీధి బడితో ప్రారంభించడమే సమంజసం. వీధి బడి అంటే పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే జీతంతో ఒక పంతులు అరుగు మీదనో చావడిలోనో నడిపే పాఠశాల. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఇటువంటి బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించగా, తెలుగు వ్యాకరణం రచించిన బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో సమర్పించిన నివేదిక వాటి లోపలి జీవితాన్ని ఎంతో వివరంగా చూపుతుంది. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న నాటి బళ్లారి జిల్లాలో 533 బడులు ఉండగా, వాటిలో 226 తెలుగు బడులు.

క్యాంబెల్ రాసిన దాని ప్రకారం బడి ఉదయం ఆరు గంటలకు మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడు మెప్పుకూ నిందకూ అర్హుడు కాడని చెప్పడానికి వాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడవవానికి ఒక మెల్లని దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. చదవని పిల్లలను కొట్టడమే కాక, చేతులు రెండూ కట్టి ఇంటికప్పుకు వేలాడదీసేవారు, లేదా ఆపకుండా కూర్చోబెట్టి లేపేవారు. తెలుగు బడులలో మొదటి శిక్షకు కోదండమనీ రెండవదానికి గుంజీళ్లనీ పేర్లు.

ఈ వివరాలను చదివేవారి దృష్టి సహజంగా కోదండం మీద నిలుస్తుంది గాని, మనసుకు సంబంధించినంత వరకు అంతకంటే ముఖ్యమైనది ఆ ఉదయపు దెబ్బల వరుస. అందులో దెబ్బల సంఖ్యను నిర్ణయించేది పిల్లవాడు చేసిన తప్పు కాదు, తోటివారి నడుమ వాడికి దక్కిన స్థానం. పదిమంది ఎదుట జరిగేది కనుక నొప్పితో పాటు అవమానం కూడా శిక్షలో భాగమయ్యేది. దేహానికి తగిలిన దెబ్బ కొంతసేపటికి మానుతుంది గాని, తాను ఎన్నవవాడో రోజూ అందరి ముందూ ప్రకటింపబడే పిల్లవాడు తనను గురించి ఏర్పరచుకునే అభిప్రాయం అంత త్వరగా మారదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పద్ధతిని ప్రశ్నించినవారిలో, స్వయంగా పాఠశాలల పర్యవేక్షణాధికారిగా పనిచేసిన చలం ముందువరుసలో ఉంటాడు. ఆయన స్త్రీలను గురించి రాసినవాటి చుట్టూ చెలరేగిన వివాదాలలో ‘బిడ్డల శిక్షణ’కు దక్కవలసినంత చర్చ దక్కలేదన్నది నిజం. పిల్లలను కొట్టి, భయపెట్టి పెంచడాన్ని ఆ పుస్తకంలో ఆయన నిర్ద్వంద్వంగా ఖండించాడు. అదే కాలంలో రేడియో అన్నయ్యగా ప్రసిద్ధుడైన న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నడిపి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని, 1945లో ‘బాల’ పత్రికను స్థాపించారు. పిల్లలు తామే పాడి, ఆడి, మాట్లాడగలిగిన చోటు బడికి వెలుపల ఏర్పడడం ఆనాటి బడి స్వభావాన్ని గురించి కూడా చెబుతుంది.

చట్టం చాలా ఆలస్యంగా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో విద్యా నియమాలను సవరించి పాఠశాలల్లో దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన 17వ సెక్షనులో శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. కొట్టడాన్నీ కించపరచడాన్నీ ఒకే వాక్యంలో చేర్చడం ఆ సెక్షను సాధించిన అసలైన మేలు.

అయితే బెత్తం పోయినంత సులభంగా వరుస పోలేదు. వారాంతపు పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు సెక్షన్లుగా విడదీసి, ర్యాంకులను గోడల మీద ప్రదర్శించే పద్ధతి తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ శిక్షణ సంస్థలలో పాతుకుపోయింది. విశాఖపట్నంలో చదువుకుంటూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పద్ధతినే పేర్కొంది: మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, బహిరంగంగా అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు విధించడం వీలైనంత వరకు మానుకోవాలని ఆదేశించింది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్‌ను, అంటే పిల్లల మానసిక ఇబ్బందులను విని దారి చూపే శిక్షణ పొందిన వ్యక్తిని, లేదా మనస్తత్వ నిపుణుణ్ణో సామాజిక కార్యకర్తనో నియమించాలని, అంతకంటే చిన్న సంస్థలు వెలుపలి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలని కూడా చెప్పింది. తెలుగు పల్లెలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలా వాటిలో విద్యార్థుల సంఖ్య నూరుకు చేరదు గనుక, అక్కడ పిల్లల దిగులును మొదట గుర్తించవలసినది ఉపాధ్యాయులే. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలన్న ఆదేశం ఆ బడులకే అన్నిటికంటే ఎక్కువ అవసరం.