సినాట్రా
సినాట్రా అనేది రూబీ భాషలో చిన్న వెబ్ అప్లికేషన్లు రాయడానికి బ్లేక్ మిజరానీ 2007లో రూపొందించిన తేలికపాటి ఫ్రేమ్‌వర్క్. రూబీలోని మరో వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన రైల్స్ మాదిరిగా డేటాబేసు పొరనూ, నిర్ణీత ఫోల్డర్ల అమరికనూ విధించకుండా, వెబ్ సర్వరుకూ ప్రోగ్రాముకూ మధ్య ఉమ్మడి ఒప్పందంగా పనిచేసే ర్యాక్ ఆధారంగా నడుస్తూ, ఏ చిరునామాకు అభ్యర్థన వస్తే ఏ కోడ్ అమలు కావాలో తెలిపే రూట్లను మాత్రమే ఇది ప్రధానంగా కోరుతుంది; అందువల్ల అప్లికేషన్ మొత్తం ఒకే ఫైలులో ఇమడగలదు. రూట్లను రాసిన వరుసలోనే పరిశీలించి, మొదట సరిపోలినదానిని అమలుచేస్తుంది. ఈ సరళతే దీని అసలు బలం. జావాస్క్రిప్ట్‌లోని ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్‌కు ప్రేరణ సినాట్రాయే. ఇక సినాట్రా అప్లికేషన్లను రాసే రూబీలో విలువల రకాలను ముందుగా ప్రకటించనక్కరలేదు కనుక, రకాల పొరపాట్లు సాధారణంగా ప్రోగ్రాము నడిచేటప్పుడే బయటపడతాయి. వాటిని ముందే పట్టుకొనే సోర్బెట్ అనే సాధనాన్ని స్ట్రైప్ సంస్థ 2019లో ఓపెన్ సోర్సుగా విడుదల చేయగా, రకాలను విడి ఫైళ్లలో వర్ణించే ఆర్‌బీఎస్ 2020 డిసెంబరులో రూబీ 3.0తో కలిసి వెలువడింది.